రాని రైలుకు పడిన గేటు

రైలు గేటు పడి ఉన్నది. ఎర్ర దీపం వెలుగుతున్నది. పావుగంట గడిచింది, అరగంట గడిచింది, రైలు రాదు. ఆ దారిన రోజుకు ఒకటో రెండో గూడ్సు బండ్లు తప్ప మరేవీ పోవని ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇటువంటప్పుడు గేటు పక్కనుంచి దూరిపోయే మనిషి తప్పు చేస్తున్నాడా, లేదా?

నీతిశాస్త్రం గురించి రాసేవారు సాధారణంగా ఇంత చిన్న ప్రశ్న పట్టించుకోరు. పడవ మునుగుతుంటే ఎవరిని రక్షించాలి, అబద్ధమాడి ప్రాణం నిలపవచ్చునా వంటి ప్రశ్నలు వారికి కావాలి. కాని ఒక మనిషి జీవితంలో పడవ ఎన్నిసార్లు మునుగుతుంది? గేటు దగ్గర నిలబడటం రోజూ జరిగేదే. మనుషుల నీతి రోజూ జరిగే వాటిలోనే తయారవుతుంది, పాడైతే అక్కడే పాడవుతుంది.

నేను మాట్లాడుతున్నది నిమిషానికో బండి పోయే పెద్ద లైన్ల సంగతి కాదు. సిమెంటు ఫ్యాక్టరీకో, బొగ్గు గనికో, రేవుకో, ఎరువుల గిడ్డంగికో పోయే శాఖల సంగతి. మోటుమర్రి నుంచి జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల వైపు పోయే లైను చాలా ఏళ్లు సరుకుల కోసమే నడిచింది. ఇటువంటివి అన్ని దేశాల్లోనూ ఉన్నవి. ఫ్యాక్టరీ బాగా నడిచినంత కాలం బండ్లు పోతాయి, తరవాత లారీలు వచ్చి సరుకు లాగేసుకుంటాయి, పట్టాల మధ్య గడ్డి మొలుస్తుంది. లైను మూసెయ్యరు, బాగుచెయ్యరు. రోడ్డు మాత్రం ఊరితోబాటు పెరుగుతూనే ఉంటుంది.

ముందు గేటు ఎందుకు అబద్ధం చెబుతుందో చూడాలి. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ చాలా గేట్లు మనిషి లేకుండానే పనిచేస్తాయి. రైలు వస్తున్నదని వాటికి తెలియజేసే ఉపాయాల్లో ముఖ్యమైనది ట్రాక్ సర్క్యూట్. విలియం రాబిన్సన్ అనే అమెరికన్ 1872లో దానికి పేటెంటు తీసుకున్నాడు. పట్టాల ఒక చివర బ్యాటరీ, రెండో చివర రిలే. కరెంటు పట్టాల గుండా పోయి రిలేను లేపి పట్టుకుని ఉంచుతుంది. రిలే లేచి ఉన్నంతసేపూ దారి ఖాళీ అన్నమాట. రైలు ఆ మేరలోకి రాగానే చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలిపేస్తాయి. కరెంటు ఇరుసు మీదుగానే వెనక్కు తిరిగిపోతుంది. రిలే పడిపోతుంది, గంట మోగుతుంది, గేటు పడుతుంది.

దీనిలో గొప్ప అంతా ఆ తలకిందుల ఆలోచనలో ఉన్నది. రైలు వచ్చినప్పుడు కరెంటు రావాలని కాదు, పోవాలని ఏర్పాటు చేశారు. అందుచేత బ్యాటరీ అయిపోయినా, తీగ తెగినా, ఎవడైనా తీగ దొంగిలించినా, పట్టా విరిగినా, వానకు కంకర నిండా బురద చేరి కరెంటు భూమిలోకి కారిపోయినా రిలే పడిపోతుంది, గేటు పడుతుంది. యంత్రానికి సందేహం కలిగితే అది ప్రాణం పక్షానే తీర్పు చెబుతుంది. దీన్ని నేను కేవలం ఇంజనీరింగు విజయం అనుకోను, నైతిక విజయం కూడాను. చాలా న్యాయస్థానాలు, చాలా ప్రభుత్వాలు తమకు సందేహం వచ్చినప్పుడు ఏ పక్షం వహిస్తాయో చూసినవారికి ఈ మాట అతిశయోక్తిగా తోచదు.

కాని ఈ ఏర్పాటులో ఒక చిక్కున్నది. రోడ్డు మీద ఉన్న మనిషితో మాట్లాడటానికి గేటుకు ఒకే ఒక మాట వచ్చు. “రైలు వస్తున్నది” అనటానికీ ఆ ఎర్ర దీపమే, “నాకేమీ తెలియటం లేదు” అనటానికీ ఆ ఎర్ర దీపమే. ఒకటి హెచ్చరిక, రెండవది యంత్రం తన అజ్ఞానాన్ని ఒప్పుకోవటం. రెండూ విన్నవాడికి ఒకటే. యంత్రం నిజాయితీగా తనకు తెలియదన్న ప్రతిసారీ, ఊళ్లోవాడి దృష్టిలో అది ఒక అబద్ధంగా జమ అవుతుంది.

మనకందరికీ “నాన్నా పులి” కథ తెలుసు. రెండుసార్లు అబద్ధమాడిన కుర్రవాడు మూడవసారి నిజం చెప్పినా తండ్రి రాలేదు. ఈ కథలో నీతి పిల్లవాడి మీదికి పోతుంది. అబద్ధమాడినవాడే ఫలితం అనుభవించాడు గనక కథ మనకు న్యాయంగానే అనిపిస్తుంది. గేటు దగ్గర కథ తిరగబడింది. అబద్ధమాడింది గేటు, పులి తినేది తండ్రిని. పైగా గేటు పక్షాన చట్టం ఉన్నది: “నిన్ను పిలిచినప్పుడు నమ్మవలసింది” అని పోయినవాణ్ణి నిందిస్తుంది.

అయితే నమ్మకపోవటం తప్పు కాదంటారా అని అడగవచ్చు. తప్పే. గేటు తొంభైతొమ్మిదిసార్లు ఉత్తినే పడినా నూరవసారి రైలు రావచ్చు, వచ్చినప్పుడు అది లెక్కల ప్రకారం కాక మొత్తంగా వస్తుంది. ఆ మనిషి వెనక మోటారు సైకిలు మీద భార్యా పిల్లా ఉంటారు. కనక దూరిపోవటాన్ని నేను సమర్థించను. నేననేది వేరు. మనిషి తన అనుభవాన్ని నమ్మటం మూర్ఖత్వం కాదు. మబ్బు చూసి వాన చెప్పేదీ, వాసన చూసి అన్నం పాచిపోయిందని తెలుసుకునేదీ ఆ బుద్ధితోనే. పాడైన గేటును నెలల తరబడి బాగుచెయ్యకుండా వదిలినవారు ఆ బుద్ధికే తప్పుడు పాఠం చెబుతున్నారు. నూరు రోజులు పాఠం చెప్పి, నూటొకటవ రోజున “ఎందుకు నేర్చుకున్నావు?” అని శిక్షించటం ఏ బడిలోనూ న్యాయం కాదు.

రాబిన్సన్ యంత్రం ఒక షరతు మీద మాత్రమే భద్రమైనది: అది పడిపోయినప్పుడు ఎవరో ఒకరు త్వరగా వచ్చి బాగుచెయ్యాలి. గంటలో బాగుచేస్తే అది రక్షణ. నెల రోజులు అట్లాగే వదిలేస్తే అదే ప్రమాదకారణం అవుతుంది. యంత్రంలో మార్పేమీ లేదు, రెండు సందర్భాల్లోనూ అది తన పని తాను సక్రమంగా చేసింది. అంటే భద్రత అనేది యంత్రంలో ఉండే గుణం కాదు, దాని చుట్టూ ఉన్న మనుషుల శ్రమలో ఉండేది. ఆ శ్రమకు డబ్బు కావాలి, ఆదాయం లేని శాఖకు డబ్బు ఎవరూ కేటాయించరు.

రాకపోకలు తక్కువైన లైనులో మరొక లోపం కూడా ఉన్నది, ఇది మొదటిదానికంటె భయంకరం. రోజూ చక్రాలు పోయే పట్టా అద్దంలా మెరుస్తుంది. వారానికొకసారి చక్రం తగిలే పట్టా మీద తుప్పు పట్టుతుంది. ఆ తుప్పు పొర చక్రానికీ పట్టాకూ మధ్య అడ్డంగా నిలుస్తుంది, కరెంటు ఇరుసులోకి పోదు, రిలే పడదు. రైలు వస్తూనే ఉంటుంది, గేటు లేచే ఉంటుంది. సందేహం వస్తే ప్రాణం పక్షం వహించే యంత్రానికి ఇక్కడ సందేహమే రాదు. అది పూర్తి నమ్మకంతో “దారి ఖాళీ” అంటుంది. ఈ లోపం ఎవరి అజాగ్రత్త వల్లనో పుట్టలేదు. వాడకపోవటమే దాన్ని పుట్టించింది. ఇరుసులను లెక్కపెట్టే కొత్త పరికరాలకు తుప్పుతో పని లేదు. అయితే అవి ముందుగా బండ్లు ఎక్కువగా నడిచే చోట్లకు చేరతాయి, అక్కడ తుప్పు లేదు.

ఈ రెండు లోపాలనూ అమెరికా ఫెడరల్ నిబంధనలు వేరువేరుగా చూస్తాయి. గేటు పనిచెయ్యలేదని తెలిస్తే, రోడ్డు బండ్లను ఆపే మనిషి అక్కడ లేనప్పుడు, రైలు గేటు ముందు ఆగాలి, సిబ్బందిలో ఒకరు దిగి రోడ్డు మీద బండ్లను ఆపి, అప్పుడు రైలును దాటించాలి. గేటు ఊరికే పడుతున్నదని తెలిస్తే, అక్కడ మనిషి లేనప్పుడు, రైలు గంటకు 15 మైళ్లు మించకుండా దాటాలి. రెండవ నిబంధన నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది. ఉత్తుత్తినే పడే గేటును జనం నమ్మరని ఆ నిబంధన రాసినవారు ఒప్పుకున్నారన్నమాట. జనం గేటును నమ్మకపోవటం జనం దుర్మార్గం కాదనీ, గేటు లోపంలో ఒక భాగమనీ, దానికి నష్టపరిహారంగా రైలే నెమ్మదించాలనీ ఒప్పుకున్నారు. ఆచరణలో అక్కడి కంపెనీలు దీన్ని ఎంత పాటిస్తాయన్నది వేరే సంగతి. కాగితం మీదనైనా బాధ్యత సరైన చోటికి చేరింది.

మన చట్టం ఎట్లా ఉన్నదో చూద్దాం. 1989 రైల్వే చట్టం ప్రకారం మూసిన గేటును తెరిచినవాడికి మూడేళ్ల దాకా, విరగగొట్టినవాడికి ఐదేళ్ల దాకా శిక్ష. కాపలా లేని గేటును అజాగ్రత్తగా దాటినవాడికి 161వ సెక్షన్ కింద ఏడాది దాకా. అజాగ్రత్త అంటే ఏమిటో కూడా చట్టమే చెప్పింది: బండి ఆపి, రైలు వస్తున్నదేమో చూడకుండా దాటటం. 1988 మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ ఇంకా స్పష్టం. డ్రైవరు బండి ఆపాలి, కండక్టరో క్లీనరో దిగి పట్టాల దాకా నడిచి, ఇటూ అటూ చూసి, బండిని నడిపించుకుపోవాలి. వాళ్లు లేకపోతే డ్రైవరే దిగాలి.

ఇది మంచి నియమమే. కాని గమనించండి, దిగి చూడవలసినవాడు ఎప్పుడూ రోడ్డు మీదివాడే. ఎందుకంటే రైలు ఆగలేదు. నిండుగా సరుకున్న బండి వేగంగా పోతున్నప్పుడు బ్రేకు వేస్తే ఆగటానికి కిలోమీటరు పట్టవచ్చు, ఎద్దుబండి రెండడుగుల్లో ఆగుతుంది. ఆగగలిగినవాడు ఆగటం న్యాయం, దీన్ని ఎవరూ కాదనలేరు. అయితే పాత పట్టాల మీద పాకుతూ పోయే శాఖలో ఆ బండి కూడా ఆగగలదు. అక్కడ రైలుకు ముందు పోయే హక్కు ఇచ్చిన కారణం సన్నగిల్లింది. హక్కు మాత్రం మిగిలింది. కారణం పోయినా హక్కు మిగలటం రైలు పట్టాలకే పరిమితమైన వింత కాదు, భూమి చరిత్ర చదివినవారికి ఇది బాగా పరిచయం.

1979 మే నెలలో కేరళలో ఎర్నాకుళం ప్రాంతాన కాపలా లేని గేటు దగ్గర ఒక కిరాయి బస్సును రైలు కొట్టింది. నలభైమంది దాకా పోయారు. డ్రైవరు చూసుకోలేదని రైల్వే వాదించింది. ఆ కేసు 1997లో సుప్రీం కోర్టులో తేలింది. అంత రాకపోక ఉన్న చోట గేటు పెట్టకపోవటం రైల్వే అజాగ్రత్తే అనీ, డ్రైవరు తప్పును బస్సులో కూర్చున్నవారికి అంటగట్టటానికి వీల్లేదనీ కోర్టు చెప్పింది. ఈ రెండవ మాట చాలా విలువైనది. 2014 జూలై 24న అప్పటి మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని గేటు దగ్గర బడి బస్సును నాందేడ్-సికింద్రాబాద్ ప్యాసింజరు కొట్టినప్పుడు పోయిన పసిపిల్లలకు ఏ అజాగ్రత్త అంటగట్టగలం? అయినా ఆ రోజున మొదట వినిపించిన ప్రశ్న డ్రైవరు ఏం చేస్తున్నాడన్నదే. ఆ గేటుకు మనిషి ఎందుకు లేడన్న ప్రశ్న తరవాత వచ్చింది.

మనిషి ఎందుకు లేడో చెప్పటానికి ఒక లెక్క ఉన్నది. ఇరవైనాలుగు గంటల్లో ఆ చోట పోయే రైళ్ల సంఖ్యను రోడ్డు బండ్ల సంఖ్యతో హెచ్చవేస్తారు. మోటారు బండికి ఒకటి, ఎద్దుబండికి ఒకటి, ఆటోకు, సైకిలు రిక్షాకు అర. వచ్చిన అంకెను ట్రెయిన్ వెహికిల్ యూనిట్లు అంటారు. మనిషిని పెట్టాలా, గేటును సిగ్నలుతో ముడివెయ్యాలా, లక్ష దాటితే పైవంతెన కట్టాలా అన్నది ఈ అంకె మీద ఆధారపడుతుంది. పెద్ద లైను మీద రోజుకు 100 రైళ్లు, 300 బండ్లు అయితే 30,000. అదే 300 బండ్లు పోయే రోడ్డుకు రెండు గూడ్సులు పోయే శాఖ అడ్డం వస్తే 600. నడిచిపోయేవాడు ఈ లెక్కలోకే రాడు. తల మీద గడ్డిమోపు పెట్టుకుని, పక్కకు తల తిప్పటానికి కూడా వీల్లేకుండా పట్టాలు దాటే కూలిమనిషి విలువ ఈ హెచ్చవేతలో సున్న. సున్నతో దేన్ని హెచ్చవేసినా ఏమవుతుందో మనకు తెలుసు.

ఈ లెక్కను వెక్కిరించి ఊరుకోవటం సులభం. కాని దాని వెనక ఒక గట్టి వాదన ఉన్నది, దాన్ని తప్పించుకుపోవటం నిజాయితీ కాదు. డబ్బు పరిమితం. అన్ని లెవెల్ క్రాసింగులనూ అయిదేళ్లలో తీసివెయ్యాలని 2012లో కాకోద్కర్ సంఘం చెప్పినప్పుడు దానికి 50,000 కోట్లు అవుతుందని అంచనా వేసింది. అంత డబ్బు ఒక్కసారి లేనప్పుడు ఎక్కువమంది చచ్చే చోట ముందు ఖర్చు పెట్టటం అన్యాయమా? రెండు బండ్లు పోయే శాఖ మీద ఖర్చు పెట్టి, వంద బండ్లు పోయే గేటును వదిలిపెడితే ఆ చావులకు జవాబు ఎవరు చెబుతారు?

ఈ వాదన నేను ఒప్పుకుంటాను, ఒక హద్దు దాకా. ఏ పని ముందు, ఏది వెనక అని నిర్ణయించటానికి అంకె పనికొస్తుంది. ఎవరిది తప్పు అని నిర్ణయించటానికి పనికిరాదు. “నీ గేటు వంతు ఇంకా రాలేదు” అని సమాజం ఒక ఊరితో అనవచ్చు, అనవలసి రావచ్చు. కాని ఆ మాట అన్నవారు ఆ ఊరి మనిషి చచ్చినప్పుడు “నీ అజాగ్రత్త” అనటానికి అర్హత పోగొట్టుకుంటారు. మనం తెలిసి వదిలిపెట్టిన ప్రమాదానికి మనమే బాధ్యులం. పైగా ఈ అంకెలు చెక్కిన శిలాశాసనాలు కావు. 2025 జూలై 8న కడలూరు దగ్గర సెమ్మంకుప్పంలో సిగ్నలుతో ముడిపడని గేటు వద్ద బడి వ్యానును రైలు కొట్టి ముగ్గురు పిల్లలు పోయారు. ఆ తరవాత గేటును సిగ్నలుతో ముడివెయ్యటానికి ఉన్న హద్దును 20,000 నుంచి 10,000కు దించారు. దేశంలో పదివేలకూ ఇరవై వేలకూ మధ్య ఉన్న గేట్ల దగ్గర ఆ వారంలో రైళ్లు పెరగలేదు, బండ్లు పెరగలేదు. జులై 7న అక్కర్లేని రక్షణ అదే నెలలో అవసరమయింది. రోజుకు రెండు బండ్ల శాఖ మీది గేట్లు ఈ కొత్త గీతకు కూడా చాలా కిందనే ఉన్నవి.

సెమ్మంకుప్పంలో వెంటనే జరిగింది మాత్రం గేట్‌మన్ అరెస్టు. ఆయన తప్పెంతో తేల్చేది న్యాయస్థానం, మనం కాదు. సిగ్నలుతో ముడిపడని గేటు అంటే ఏమిటో మాత్రం తెలుసుకోవాలి. గేటు తెరిచి ఉన్నా రైలుకు పచ్చదీపం పడగలదు. స్టేషను మాస్టరుకూ గేట్‌మన్‌కూ మధ్య ఒక ఫోనూ, ఇద్దరూ చెప్పుకుని రాసుకునే ఒక నంబరూ, అంతే రక్షణ. ఒక మనిషి చెవి మీద, ఒక మనిషి మెలకువ మీద వందలమంది ప్రాణాలు ఆధారపడి ఉన్నవి.

ఆ మెలకువను చట్టం ఎట్లా వెలకట్టిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1989 చట్టం 130వ సెక్షన్ రైల్వే ఉద్యోగాలను తరగతులుగా విభజించింది. డ్యూటీ సమయంలో సగమో అంతకంటె ఎక్కువో పని లేకుండా గడిచే ఉద్యోగం “విరామాలతో కూడిన” తరగతి. ఆ విరామంలో శరీరశ్రమ గాని, ఎడతెగని శ్రద్ధ గాని అక్కర్లేదని చట్టం భావన. ఎడతెగని పనివారికి వారానికి 54 గంటలు హద్దయితే, ఈ తరగతికి 75. బండ్లు తక్కువగా పోయే గేట్ల దగ్గర పన్నెండు గంటల డ్యూటీ వచ్చింది ఇందువల్లనే. రైళ్లు తగ్గిన కొద్దీ పని తగ్గిందంటారు, పని తగ్గిందని గంటలు పెంచుతారు. కాని గేటు కాసేవాడి పని గేటు తిప్పటం కాదు. అది రెండు నిమిషాల పని. అతని పని ఎదురుచూడటం. ఫోను ఎప్పుడు మోగుతుందో తెలియకుండా, పక్కవాడు లేకుండా, రాత్రి మూడు గంటలప్పుడు కూచుని ఎదురుచూడటం శ్రద్ధ కాక మరేమిటి? పెట్టుబడి లెక్కల్లో కదిలే చెయ్యి శ్రమ, మేలుకున్న కన్ను విశ్రాంతి. కన్ను మూతపడిన రోజున మాత్రం అదే కన్ను నేరస్థురాలవుతుంది.

2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి మీద కాపలా లేని గేట్లు లేకుండా చేశారు. ఇది నిజమైన మేలు, కాదనటం తగదు. కొన్నిచోట్ల మనుషులను పెట్టారు, కొన్నిచోట్ల కింద సొరంగదారులు తవ్వారు, కొన్నిటిని పక్క గేటుతో కలిపి మూసేశారు. సొరంగదారులు వానాకాలంలో ఏమవుతాయో మన జిల్లాల్లోవారికి చెప్పనక్కర్లేదు. మూసిన గేటు దగ్గర కాలినడకవాడు ఇప్పటికీ కంచె సందునుంచే పోతున్నాడు. గేటు లేదు గనక అక్కడ గేటు ప్రమాదం జరగదు, జరిగేది అక్రమ ప్రవేశం.

రోజుకు రెండు బండ్లు పోయే శాఖకు ఇంతకంటె చౌకైన ఉపాయం పాతకాలం నుంచీ ఉన్నది. బండి గేటు ముందు ఆగుతుంది, సిబ్బందిలో ఒకరు దిగి గేటు వేస్తారు, బండి దాటాక తెరిచి మళ్లీ ఎక్కుతారు. ఇంగ్లండులో కొన్ని సరుకుల శాఖల మీద ఇట్లాగే చేస్తారు. మన రైల్వేలకూ బండితోబాటు పోయే గేట్‌మన్ పద్ధతి తెలుసు. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, తుప్పు భయం లేదు, గేటు అబద్ధమాడే అవకాశమే లేదు. ఖర్చు కాలమే. పది గేట్లకు ఐదేసి నిమిషాల చొప్పున సిమెంటు ఫ్యాక్టరీకి యాభై నిమిషాలు ఆలస్యంగా చేరుతుంది. దీనికి ఎప్పుడూ వచ్చే అభ్యంతరం ఆ యాభై నిమిషాలే. పాడైన గేటు ముందు రోజూ రెండువందలమంది అరగంట చొప్పున నిలబడితే అది వంద గంటలు. వ్యాగను ఆలస్యమైతే గంటకు ఇంత అని డెమరేజి లెక్కగట్టే రిజిస్టరు ఉన్నది. ఈ వంద గంటలు రాసే రిజిస్టరు లేదు.

అమెరికాలో ప్రతి క్రాసింగు దగ్గరా నీలం రంగు బోర్డు మీద ఆ క్రాసింగు నంబరూ, లోపం కనిపిస్తే చెప్పవలసిన ఫోను నంబరూ రాసి ఉంటాయి. 2015 నుంచి అది తప్పనిసరి. ఆ ఫోను వచ్చిన వెంటనే రైలుకు వేగం తగ్గించమని చెప్పవలసిన బాధ్యత కంపెనీది. మన గేట్ల దగ్గర ఉన్న బోర్డు మీద దాటేవాడికి పడే శిక్ష రాసి ఉంటుంది. దాని పక్కనే ఈ గేటు ఈ ఏడాది ఎన్నిసార్లు చెడింది, ఎన్ని రోజులకు బాగుచేశారు అన్నది కూడా రాయటానికి చోటు సరిపోతుంది.